పికప్పు మీద గది

కనగానపల్లి,
సెప్టెంబర్ 9, 2024.

తమ్ముడు హరికి,

క్షేమమా అని అడగను. కోపంగా ఉన్నప్పుడు క్షేమం అడిగితే అబద్ధమాడినట్టు ఉంటుంది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోవద్దు. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది ఎప్పుడూ మీ బావ జేబులోనే ఉంటుంది. అడిగి తీసుకుని చేసినా, నేను సగం తిట్టేలోపు నువ్వు "సిగ్నల్ లేదక్కా" అని పెట్టేస్తావు. కాగితానికి ఆ బాధ లేదు. తిట్టింది తిట్టినట్టు చేరుతుంది.

నాయన పోతూ మనిద్దరికీ కలిపి మిగిల్చింది ఆ పికప్పు ఒకటే. బ్రేకులు బాగుచేయించి వారంలో పంపుతానని హిందూపురం తీసుకుపోయావు. నెల దాటింది. ఇక్కడ ఈనిన గొర్రెలు, కుంటి గొర్రెలు, నీళ్ల డ్రమ్ములు దేనిమీద పోవాలి? పుట్టిన పిల్లలను నేను ఒడిలో కట్టుకుని, మా అత్త చౌడక్క గంపలో పెట్టుకుని మేత బీళ్ల నుంచి మోసుకొస్తున్నాం. ఆమెకు చెవులు దాదాపుగా పోయాయి. కాళ్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి ఆమె చేత మోయించాలా?

ఇదంతా ఓర్చుకున్నాను. మొన్న పట్టుగూళ్లు అమ్ముకోవడానికి హిందూపురం వచ్చిన మా పక్కింటి రఘునాథ్, నువ్వు పనిచేసే లారీ బాడీల షెడ్డు ముందు మన బండిని చూశాడట. వెనక రేకుల గది కట్టావట. లోపల మంచం, అద్దం, కిటికీకి పూల కర్టెన్. కప్పు కూడా పైకీ కిందికీ కదిలేటట్టు చేస్తున్నావట. "బెంగుళూరోళ్లకి టూర్లకి బాడుగకిస్తాడేమో అక్కా, అట్లాంటివి ఇప్పుడు శానా నడుస్తాండాయి" అన్నాడు. ఊరంతా వినేటట్టు అన్నాడు.

నాయన గొర్రెలు మోసిన బండిని టూర్లకు తిప్పుతావా? సిగ్గు లేదా నీకు?

దీపావళి దాటగానే మంద బయలుదేరుతుంది. ఎండలు ముదిరేదాకా ఊరూరా చేలల్లో ఎరువుకు మంద కట్టి, గింజలు తీసుకుంటూ తిరగాలి. ఈసారి ఆ చేలల్లో నేను భయం లేకుండా పడుకునే ఏర్పాటు జరగకపోతే కదిలేది లేదని మీ బావకు చెప్పేశాను. నేను పోకపోతే వంట లేదు, గొర్రెపిల్లలను చూసే దిక్కు లేదు, మంద అమ్ముకోవాల్సిందే. ఎందుకలా పట్టుబట్టానో మీ బావ నీకు చెప్పే ఉంటాడు. చెప్పినాక కూడా బండి పట్టుకుపోయి కర్టెన్లు కుడుతున్నావంటే నువ్వు నా తోడబుట్టినవాడివేనా అని అనుమానం వస్తోంది.

బండి పంపు.

అక్క,
చాముండేశ్వరి


హిందూపురం,
సెప్టెంబర్ 16, 2024.

అక్కకు నమస్కారాలు.

నేను, పవిత్ర, పిల్లోడు బాగున్నాం. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఆ రఘునాథ్ నోట్లో నువ్వుగింజ నానదు. వాడి మాట పట్టుకుని నాకు సిగ్గు లేదా అని అడిగావు. అక్కా, ఆ గది నీకే కడుతున్నాను. పూర్తయినాక తెచ్చి నీ ముందు నిలబెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఇప్పుడు ఆశ్చర్యమూ పోయింది, నేను దొంగనూ అయ్యాను.

బావ పోయిన నెల షెడ్డుకు వచ్చాడు. "మీ అక్క ఈ తూరి నేలమీద పండుకోనంటాండాదప్పా, బండి మీద ఏదన్నా చెయ్" అన్నాడు. అంతా చెప్పాడు. అప్పటి నుంచి ఇద్దరం కలిసే కొలతలు వేసుకున్నాం. మా మేస్త్రీ జయరాజు షెడ్డులో మూల చోటిచ్చాడు. పని వేళ అయిపోయాక నేనొక్కడినే చేస్తున్నాను.

కప్పు కదలడం ఎందుకు, మామూలు గది చాలదా అంటావేమో. ఎత్తుగా గది కడితే ఆ మట్టిదారుల్లో గాలికి బండి ఊగుతుంది, చేలల్లో కరెంటు తీగలు తగులుతాయి. తక్కువగా కడితే నువ్వు లోపల నిలబడలేవు. అందుకని కప్పును లేపేటట్టు పెట్టాను. బండి కదిలేటప్పుడు కప్పు కిందికి దిగి పెట్టె మూతలా కూర్చుంటుంది. ఆగినాక స్విచ్చు నొక్కితే మోటారు తిరిగి కప్పు పైకి లేస్తుంది. చుట్టూ టార్పాలిన్ గోడలు విప్పుకుంటాయి. హాయిగా నిలబడి చీర మార్చుకోవచ్చు.

నాలుగు మూలలా నాలుగు పాత లారీ జాకీల మరలు. నాలుగింటినీ సైకిల్ చైన్లతో కలిపాను. ఒక్క మోటారు తిరిగితే నాలుగూ కలిసి తిరుగుతాయి. ఇట్లాంటిది మన జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదని జయరాజు మేస్త్రీయే అన్నాడు.

ఇది నీకోసం చేస్తుంటే నువ్వు బండి పంపమంటున్నావు. పంపుతాను. కప్పు కుదరనీ.

తమ్ముడు,
హరిప్రసాద్


ధర్మవరం,
సెప్టెంబర్ 28, 2024.

హరికి,

మా అమ్మాయి ధరణిని చూడడానికి హాస్టలుకు వచ్చాను. వార్డెన్ పిలిచేదాకా వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. తొమ్మిదో తరగతికే నా ఎత్తు వచ్చింది. క్రిస్మస్ సెలవులకు మంద దగ్గరికి వస్తానంటోంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివే కొద్దీ ఒళ్లు మండింది. "అంతా చెప్పాడు" అని రాశావు. అంతా తెలిసి నువ్వు చేసిన పని అద్దం పెట్టడమా? సైకిల్ చైన్ల గురించి ఒక పేజీ రాశావు. "ఎట్లా ఉన్నావక్కా" అని ఒక్క వాక్యం రాయలేకపోయావు.

నీకు పన్నెండేళ్లప్పుడే నాయన నిన్ను చదువుకు పంపాడు, నీకు మంద సంగతి గుర్తుండదు. చేనులో మంద కట్టినాక మగవాళ్లు దాని చుట్టూ నాలుగు మూలలా పడుకుంటారు. గొర్రెలకు కాపలా కావాలి కదా. ఆడది మాత్రం పొయ్యి పెట్టుకున్న చోట, సామాన్ల దగ్గర, అవతల ఒంటరిగా పడుకోవాలి. తాతల నాటి పద్ధతి. గొర్రెకు నలుగురు కాపలా, చట్లకు నేను కాపలా. నాకెవరూ లేరు. మా అత్త పక్కనే ఉన్నా పిడుగు పడినా లేవదు.

ఇప్పుడు ధరణి వస్తే దాన్ని ఆ పొయ్యి దగ్గరే పక్కన వేసుకోవాలి. ఆ తలపుతో నాకు నిద్ర పట్టడం లేదు.

నాకు జరిగింది విని మీ బావకు కోపం రాలేదు. పోనీ, ఆయన తీరు అంతే. నువ్వైనా కోపం తెచ్చుకుంటావనుకున్నాను. ఇద్దరు మగవాళ్లూ కూర్చుని టీ తాగి, నన్ను ఒక్క మాట అడగకుండా నాకొక పెట్టె కొలుచుకున్నారు.

చాముండేశ్వరి


హిందూపురం,
అక్టోబర్ 8, 2024.

అక్కకు,

నేను కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? తేలు మీదా?

చెప్పకుండా ఉండలేను, నాకూ రోషముంది. పోయిన ఏడాది నీ పక్కలోకి మండ్రగబ్బ వచ్చిందని, అప్పటి నుంచి నేలమీద కన్ను మూయడం లేదని బావ చెప్పాడు. "తేలంటే మీ అక్కకి అంత భయం యాడ్నుంచి పట్టుకుందో ఏమో" అని నవ్వాడు కూడా. నేను నవ్వలేదు. అదే రోజు ఇనుప గొట్టాలు కోశాను. తేలు ఎక్కలేని ఎత్తులో నీకు మంచం వేస్తున్నాను. ఇంకేం చేయాలి? చీకట్లో ఆ చేను వెతికి తేలును కోర్టుకు ఈడ్చాలా?

ఈ కప్పు నన్ను తినేస్తోంది. మొదట లారీ వైపర్ మోటారు పెట్టాను. లారీది ఇరవై నాలుగు వోల్టులది, మన పికప్పు బ్యాటరీ పన్నెండుది. ఆ మోటారు ముసలెద్దులా మూలిగింది తప్ప కప్పు కదల్లేదు. కారు మోటారు తెచ్చి పెట్టాను. అది లేపింది. లేపుతుంటే ఒక మూల చైను పళ్ల మీంచి జారి, మూడు మూలలు పైకి పోయి నాలుగోది కిందే ఉండిపోయింది. రేకంతా మెలిపడింది. షెడ్డులో పిల్లోళ్లంతా నవ్వారు. "ఏమప్పా హరీ, ఇల్లు టోపీ పక్కకి పెట్టుకున్నట్లుండాదే" అని జయరాజు మేస్త్రీ అన్నాడు. రేకు మొత్తం ఊడదీసి మళ్లీ వేశాను. ఇప్పుడు ఒక బీడీ కాల్చేంతసేపట్లో నాలుగు మూలలూ సమంగా లేస్తున్నాయి.

పవిత్ర ఇంట్లో ఒకటే తిడుతోంది, పిల్లోడి మొహం చూసి ఎన్నాళ్లయిందని. అక్కడ నువ్వు, ఇక్కడ ఆమె. మధ్యలో నేను ఎవరికోసం చేస్తున్నానో నాకే అర్థం కావడం లేదు.

హరిప్రసాద్


కనగానపల్లి,
అక్టోబర్ 14, 2024.

హరికి,

తేలని చెప్పాడా.

తేలైతే చెప్పుతో కొట్టి మళ్లీ పడుకునేదాన్ని.

ఇంతకుమించి కాగితం మీద రాయను. నీ ఉత్తరాలు షెడ్డు అడ్రసుకు వస్తాయి, ఎవరి చేతుల్లో పడతాయో తెలియదు. బండి పంపు. నేను లోపల ఉన్నప్పుడు బయట నుంచి ఏదీ లోపలికి రాకూడదు. నాకు కావాల్సింది అదొక్కటే. అది చెయ్యి.

చాముండేశ్వరి


హిందూపురం,
అక్టోబర్ 27, 2024.

అక్కకు,

బావ వచ్చి బండి తోలుకుపోతున్నాడు. ఈ కాగితం ఆయన చేతికే ఇస్తున్నాను. ఎలా వాడాలో రాస్తున్నాను, కోపం పక్కన పెట్టి చదువు.

నువ్వు అడిగినట్టే చేశాను. సందు కనబడిన ప్రతిచోటా రబ్బరు బీడింగు కొట్టాను. కప్పు దించితే చీమ కూడా దూరదు, తేలు మాట దేవుడెరుగు. తలుపు మామూలు తలుపు కాదు. కంటైనర్ లారీలకు వేసే రకం. బయట ఇనుప కడ్డీ తిప్పితే పైనా కిందా పట్టుకుంటుంది. ఏనుగు గుద్దినా ఊడదు.

కప్పు స్విచ్చు డ్రైవరు క్యాబిన్‌లో పెట్టాను. పిల్లలు ఆడుకుంటూ నొక్కుతారని బావ సలహా ఇచ్చాడు. బ్యాటరీ దిగిపోతే భయపడొద్దు, బయట ఎడమ పక్క రంధ్రంలో హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పితే కప్పు లేస్తుంది. లోపల ఫ్యాను, రెండు లైట్లు, ఫోను చార్జింగు ఉన్నాయి. ఇంజను ఆపినప్పుడు ఫ్యాను ఎక్కువసేపు వేయొద్దు.

రెండు నెలల చాకిరీ అక్కా ఇది. ఒక్క మంచి మాట రాస్తే అరిగిపోవు.

హరిప్రసాద్


పెనుకొండ,
నవంబర్ 12, 2024.

హరికి,

మంచి మాట అడిగావు. రాస్తాను.

ఇప్పుడు మంద పెనుకొండ కొండ కింద ఉంది. నిన్న మధ్యాహ్నం జబ్బు చేసిన గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని నీ గదిలో కూర్చున్నాను. దారి పక్కన తీగలున్నాయని కప్పు దించే ఉంది. గాలికి తలుపు కొట్టుకుంటోందని మీ బావ బయట కడ్డీ తిప్పి, క్యాబిన్‌కు తాళం వేసుకుని గొర్రెలకు నీళ్లు పెట్టడానికి కుంటకు పోయాడు. లోపల నేనున్నానని చూడలేదు.

నీ గదిలో లోపల నుంచి తలుపు తీసే దారి లేదు. వెతికాను. వేళ్లతో తడిమాను. నున్నటి రేకు తప్ప ఏమీ లేదు. కప్పు లేపుదామంటే స్విచ్చు క్యాబిన్‌లో. హ్యాండిల్ రంధ్రం బయట. కిటికీ టార్పాలిన్ గోడలో ఉంది, కప్పుతో పాటే మడతపడింది. ఫ్యాను వేస్తే కాసేపు తిరిగి ఆగిపోయింది, రాత్రంతా లైట్లు ఆపలేదు, మీ బావ ఫోను కూడా చార్జింగులోనే ఉంది. చీమ దూరకుండా రబ్బరు కొట్టావు. గాలి కూడా దూరలేదు. రేకు కాలిపోతోంది. లేచి నిలబడితే తల తగులుతుంది. తలుపు బాదాను, అరిచాను. మా అత్త తలుపుకు బారెడు దూరంలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆమెకు వినబడదు. చివరికి రోడ్డవతల టీ అంగడి హనుమంతప్ప విని పరుగెత్తుకొచ్చి కడ్డీ తిప్పాడు. "ఎవురప్పా ఈ యమ్మని మూసిపెట్టినోడు" అని ఆ పెద్దాయన కేకలేస్తుంటే నేను బండి చక్రానికి ఆనుకుని వాంతి చేసుకున్నాను. ఒళ్లో ఉన్న గొర్రెపిల్ల అప్పటికే చచ్చిపోయింది.

ఇప్పుడు ఆ హనుమంతప్ప అంగడి బల్ల మీదే రాస్తున్నాను. ఆయనకు తెలిసిన లారీ డ్రైవరు నేరుగా నీ చేతికే ఇస్తాడు. కాబట్టి అంతా రాస్తాను. నీకు తేలు కథే తెలుసు కదా, అసలుది చదువు.

పోయిన ఏడాది ధర్మవరం దాటినాక ఒక చీనీకాయల తోట ఆసామి చేనులో మంద కట్టాం. మీ బావ మందకు అవతలి మూల, నేను ఈ చివర పొయ్యి దగ్గర. ఆసామి తమ్ముడు వచ్చి నా దుప్పటి పట్టుకుని లాగాడు. నేను కొడవలి అందుకున్నాను. వెనక్కు పోయాడు కానీ వెళ్లిపోలేదు. అల్లంత దూరంలో గట్టు మీద కూర్చుని బీడీలు కాల్చాడు. నేను కొడవలి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారినాక మీ బావకు చెబితే ఏమన్నాడో తెలుసా? "ఏం కాల్యా గదా. గింజలు బాగా ఇచ్చే ఆసామి. దాన్ని పెద్దది చేయాకు" అన్నాడు. ఇంకా నాలుగు రాత్రులు అదే చేనులో మంద కట్టాడు. నాలుగు రాత్రులూ నేను కూర్చునే ఉన్నాను.

ఈ ఏడాది కూడా ఆ ఆసామికి మాట ఇచ్చేశాడు. ధరణికి సెలవులిచ్చే రోజులకు సరిగ్గా ఆ తోట దగ్గర ఉంటాం.

నాకు కావాల్సింది మోటారు కాదురా. అద్దం కాదు, ఫ్యాను కాదు. నేను లోపలికి పోయి వేసుకునే గడియ కావాలి. నువ్వేమో నన్ను బయట నుంచి ఎవరైనా మూసేటట్టు, ఎవరైనా తీసేటట్టు చేసి పంపావు. ఆ గట్టు మీద కూర్చున్నవాడు ఈసారి వస్తే వాడికి దుప్పటి లాగే శ్రమ కూడా లేదు. కడ్డీ తిప్పితే చాలు. స్విచ్చు నొక్కితే కప్పు కూడా లేస్తుంది.

ఇదీ నీకు నేను రాసే మంచి మాట.

చాముండేశ్వరి


హిందూపురం,
నవంబర్ 14, 2024.

అక్కా,

లారీ డ్రైవరు ఇచ్చిన నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను.

తలుపుకు లోపల గడియ పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. నిజంగా రాలేదు. ఇన్నేళ్లుగా నేను పెట్టిన తలుపులన్నీ సరుకుకు పెట్టినవి. సరుకు లోపల నుంచి గడియ వేసుకోదు కదా. చేయి అలవాటు కొద్దీ చేసుకుపోయింది. నిన్ను కూడా అలాగే ఎక్కించాను.

పవిత్రకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఒక్క ఆడమనిషిని అడిగింటే మొదటి రోజే చెప్పేది కదా, నన్నన్నా అడిగినావా" అంది.

బావ మీద నాకు వచ్చిన కోపం రాయడానికి మాటలు లేవు. తేలు అన్నాడు నాతో. నా ఎదురుగా కూర్చుని, నేను తెప్పించిన టీ తాగుతూ, నవ్వుతూ అన్నాడు. ఎల్లుండి మా షెడ్డు పిల్లోళ్లు నలుగురిని తీసుకుని బయలుదేరుతున్నాను. ముందు ఆ చీనీ తోటకు పోయి ఆసామి తమ్ముడి కాళ్లు విరగ్గొడతాను. తర్వాత పెనుకొండకు వచ్చి బావతో మాట్లాడతాను. పెద్దది చేయొద్దన్నాడు కదా, ఎంత పెద్దదవుతుందో చూపిస్తాను.

ఈ కాగితం ఆ డ్రైవరు చేతికే ఇస్తున్నాను. నువ్వు భయపడొద్దు. అంతా నేను చూసుకుంటాను.

హరి


పెనుకొండ,
నవంబర్ 15, 2024.

హరికి,

మళ్లీ అదే పని. మళ్లీ నన్ను అడగకుండానే అన్నీ నిర్ణయించేశావు.

నువ్వు పోయి వాడి కాళ్లు విరగ్గొడితే, ఎందుకు కొట్టారని నాలుగు ఊళ్లు అడుగుతాయి. ఆ ప్రశ్నకు జవాబు నా పేరు అవుతుంది. తర్వాత నువ్వు హిందూపురం పోయి వెల్డింగు చేసుకుంటావు. ఆ నాలుగు ఊళ్ల చేలల్లో మంద కట్టుకుని బతకాల్సింది నేను. ధరణి చదివేది కూడా ఆ ధర్మవరంలోనే. "అంతా నేను చూసుకుంటాను" అన్న మాట ఇంకొకసారి రాస్తే ఉత్తరం చింపి పొయ్యిలో వేస్తాను. మీ బావ కూడా ఆ మాటే అంటాడు.

నీ కోపం నీ దగ్గరే ఉంచుకో. నాకు నాది చాలు.

నలుగురు పిల్లోళ్లు వద్దు. నువ్వొక్కడివే రా. వెల్డింగు మిషను, గ్యాసు కట్టరు తెచ్చుకో. హనుమంతప్ప అంగడిలో కరెంటు ఇస్తానన్నాడు. బయట కడ్డీని కోసి పారేయాలి. లోపల పైన ఒక గడియ, కింద ఒక గడియ కావాలి. స్విచ్చు లోపలికి రావాలి. హ్యాండిల్ రంధ్రం లోపలికి తిప్పాలి. టార్పాలిన్ గోడలకు లోపల పక్క ఇనుప జాలీ కావాలి, బ్లేడుతో కోసినా చేయి దూరకూడదు. ఆ రబ్బరు సగం పీకెయ్యి. ఎంత ఎత్తులో ఏది ఉండాలో నేను పక్కన నిలబడి చెబుతాను. నేను చెప్పినట్టు చెయ్యి, ఎందుకని అడగొద్దు.

మీ బావతో తేలు సంగతి ఎత్తొద్దు. ఆయనకు చెప్పాల్సింది నేను చెబుతాను.

చాముండేశ్వరి


ధర్మవరం,
డిసెంబర్ 4, 2024.

తమ్ముడు హరికి అక్క రాస్తున్నది.

నువ్వు వచ్చి పని చేసిన రెండు రోజులూ మీ బావ గొర్రెల వెంట తిరిగాడే తప్ప బండి దరిదాపుల్లోకి రాలేదు, చూశావు కదా. నువ్వు బయటి కడ్డీ కోస్తుంటే ఆ నిప్పురవ్వలు దూరం నుంచి చూసి, "అట్ల లోపల గడియేసుకుంటే అవసరానికి మేమెట్ల తీసేది" అని మా అత్తతో అన్నాడట. ఆమెకు వినబడలేదు, మూడుసార్లు చెప్పించుకుని చివరికి "తీయాకుండ్రి" అందట. అది విని చాలా రోజుల తర్వాత నవ్వాను.

తుఫాను వాన నాలుగు రోజులు పట్టుకుంది. ధర్మవరం ఇవతల ఒక బీడు భూమిలో మంద ఆపాం. వానకు మగవాళ్లు టార్పాలిన్లు కప్పుకుని పడుకున్నారు. నేను లోపలికి పోయి రెండు గడియలూ వేసుకుని, కప్పు సగం లేపుకుని పడుకున్నాను. మొన్న రాత్రి మీ బావ వచ్చి తలుపు కొట్టాడు.

"తీయి, తడిసిపోతాండా" అన్నాడు.

"ఎవరది?" అన్నాను.

"నేనే."

"నేనే అంటే?"

"నేనే లేమ్మే, నీ మొగుణ్ణి. గొంతు తెలీదా?"

"ఆ పొద్దు దుప్పటి లాగినోడు గూడా 'నేనే, భయపడాకు' అన్న్యాడు. అప్పుడు నీ గొంతే అనుకున్న్యా. చీకట్లో ఇంగ నాకు ఏ గొంతూ తెలీదు. తెల్లారినాక మొగం చూసి తీస్తా" అన్నాను.

ఇది నేను నీకు కూడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. మీ బావే అనుకుని నేను జరిగి చోటిచ్చాను హరీ. అందుకే అంత కోపం నాకు, వాడి మీద, మీ బావ మీద, నా మీద కూడా. తలుపు అవతల వాన చప్పుడే వినబడింది. మీ బావ ఇంకొకసారి కొట్టలేదు, తిట్టలేదు. పోయిన అలికిడి కూడా లేదు.

తెల్లారి తలుపు తీస్తే మెట్టు పక్కన కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. మొత్తం తడిసిపోయాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ చీనీ తోట దిక్కుకి పోవద్దులే. ఆసామికి ఫోన్ చేసి రామని చెప్పినా" అన్నాడు. ఎందుకని వాళ్లు అడిగారా అన్నాను. "అడిగినారు. 'నీ తమ్మున్నే అడుగు ఆసామీ, చెప్తాడు' అన్న్యా" అన్నాడు. టీ పెట్టి ఇచ్చాను. కోపం మాత్రం పోలేదు. పోవాలని నేనూ అనుకోవడం లేదు. నాలుగు రాత్రులకు ఒక వాన రాత్రి సరిపోదు.

ధరణి ఇరవై రెండో తేదీ వస్తుంది. నువ్వు హాస్టలు నుంచి తీసుకొచ్చి దించు. పవిత్రను, పిల్లోడిని కూడా తీసుకురా. ఉప్పు బస్తా ఒకటి పట్టుకురా, ఇక్కడ తడిసిపోయింది.

ఇంకొక సంగతి. పోయిన ఏడాది నుంచి నేను చెప్పులు వేసుకునే పడుకుంటున్నాను, లేచి పరుగెత్తాల్సి వస్తుందని. మొన్న ఆ రాత్రి మీ బావ తలుపు అవతల కూర్చున్నాక, చెప్పులు విప్పి మూలకు పెట్టి పడుకున్నాను.

అక్క,
చాముండేశ్వరి